అందరికంటే వెనక నడిచే మనిషి కోసం: పాదయాత్ర పెద్దలకు బహిరంగ లేఖ

గురుస్వాములకూ, భజన మండళ్ల పెద్దలకూ, ఏటా పెరటాసి నెలలో (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా) చిత్తూరు వైపు నుంచి తిరుమలకు జనాన్ని నడిపించుకొచ్చే నిర్వాహకులందరికీ నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. మా ఊరు పూతలపట్టు దాటాక, చిత్తూరు–తిరుపతి రోడ్డుకు ఆనుకొనే ఉంది. పెరటాసి వస్తే మా ఇంటి అరుగు మీద కూర్చుంటే చాలు, తెల్లారుజాము నుంచి గోవింద నామాలు వినబడుతూనే ఉంటాయి. పసుపు బట్టలు, భుజాన సంచి, కొంగుకు ముడుపు. నేనూ తొమ్మిదిసార్లు ఆ గుంపుల్లో నడిచాను. నడవని ఏడు మా వేపచెట్టు కింద మజ్జిగ కుండలు పెట్టి, ఒక స్టూలు వేసుకొని, వచ్చేపోయే వాళ్ల కాళ్లకు కట్లు కట్టాను. ఎన్ని వందల కాళ్లు చూశానో లెక్క లేదు. ఆ చనువుతోనే ఇది రాస్తున్నాను.

ఈ ఏడు మీరు రథం అలంకారం, మైకుసెట్టు, భోజనాల ఖర్చు గురించి మాట్లాడుకోవడానికి కూర్చునే ముందు నాదొక మనవి. మీ గుంపులో అందరికంటే మెల్లగా నడిచేది ఎవరో ముందు తెలుసుకోండి. రోజుకెంత దూరం, ఎక్కడ ఆగాలి, మొత్తం ఎన్ని రోజులు అనే లెక్కంతా ఆ మనిషి అడుగుతో కట్టండి.

ఇప్పుడు చాలా గుంపులు ఎలా వస్తున్నాయో మీకు తెలియంది కాదు. గురువారం సాయంత్రం చిత్తూరులో కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే శనివారం పొద్దునకు కొండ మీదుండాలి. పెరటాసి శనివారమంటే తిరుమల శనివారం కదా, ఆ రోజే దర్శనం కావాలి. చిత్తూరు నుంచి తిరుపతికి రోడ్డున సుమారు 70 కిలోమీటర్లు. కాణిపాకం పోయి వరసిద్ధి వినాయకుడికి మొక్కుకొని వస్తే ఇంకొంచెం ఎక్కువే. దాన్ని రెండు రాత్రులు, ఒక పగలులో ముగించాలంటారు. ఆ లెక్క వేసేది పాతికేళ్ల కుర్రవాళ్లు, వాళ్లకు అది సరిపోతుంది కూడా. వాళ్లు గంటకు 5 కిలోమీటర్లు నడుస్తారు. అరవై దాటి మోకాళ్ల నొప్పులున్న ఆవిడ గంటకు 3 నడిస్తే గొప్ప. అయిదు గంటలు గడిచేసరికి ఇద్దరి మధ్య 10 కిలోమీటర్లు. ముందు పోయినవాళ్లు ఇడ్లీలు తిని, గుడి మంటపంలో నడుం వాల్చి, ఒక నిద్ర తీసి లేస్తారు. ఆవిడ అప్పుడే వచ్చి చెంబు నీళ్లు కాళ్ల మీద పోసుకుంటుంటే "పదండమ్మా, టైమైపోయింది" అని మైకులో కేక వినబడుతుంది. ఎవరికి ఎక్కువ విశ్రాంతి కావాలో వాళ్లకే అది లేకుండా పోతోంది.

మా వదిన సంగతి చెప్తాను. పదకొండేళ్ల కిందటి మాట. ఆమెకు అప్పటికే పన్నెండేళ్లుగా షుగరు. కొడుక్కి ఉద్యోగం వచ్చింది, చెప్పుల్లేకుండా నడిచొస్తానన్న మొక్కు తీర్చాలని బయల్దేరింది. నేను ఆ ఏడు డ్యూటీ వల్ల పోలేకపోయాను. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మా చెట్టు కిందికొచ్చి స్టూలు మీద కూర్చుంది. "కాలికేదో అంటుకున్నట్టుంది, చూడు పాపా" అంది. కాలెత్తి ఒళ్లో పెట్టుకున్నాను. అంటుకున్నది తారు. తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే, బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత మేర తోలు లేచిపోయి తెల్లగా ఉంది, చుట్టూ ఎర్రగా కమిలిపోయింది. మడమలో కంకర ముక్క ఒకటి లోపలికి దిగి ఉంది. దాన్ని పట్టకారుతో లాగుతూ ఆమె ముఖం వైపు చూశాను. ఆమె మజ్జిగ తాగుతూ మా పెరట్లో దానిమ్మ ఎంత ఎదిగిందో చూస్తోంది. అమ్మా అని కూడా అనలేదు. నాకు ఒళ్లు జల్లుమంది. షుగరు పాతబడితే పాదాలకు స్పర్శ తగ్గిపోతుంది. కాలినా, గుచ్చుకున్నా తెలియదు. తెలియదు కాబట్టి ఆగరు.

ఆటో ఎక్కించి ఇంటికి పంపుతానన్నాను. ఒప్పుకోలేదు. "ఇంత దూరం వచ్చి బండెక్కితే మొక్కు చెడిపోతుంది. రేపు గుంపులో తలెత్తుకోలేను" అంది. గుంపు పెద్దాయన కూడా "స్వామి చూసుకుంటాడు తల్లీ" అన్నాడు. మంచి మనిషే, నమ్మకంతోనే అన్నాడు. కట్టు కట్టి నా చెప్పులు తొడిగాను. మా మలుపు తిరగ్గానే తీసి సంచిలో వేసుకుందని తర్వాత తెలిసింది. కొండెక్కింది, దర్శనం చేసుకుంది, లడ్డూ కూడా తెచ్చి పెట్టింది. ఇరవై రోజులకు ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. ఇప్పుడు ఇంట్లో గోడ పట్టుకొని నడుస్తోంది.

అందుకే చెప్పుల మాట ముందు ఎత్తుతున్నాను. తాళ్లపాక అన్నమయ్య కథ మీ అందరికీ తెలుసు. చిన్నతనంలో మోకాళ్ల మెట్టు దగ్గర ఆకలితో, అలసటతో సొమ్మసిల్లి నిద్రపోతే, అలమేలుమంగమ్మ వచ్చి ఈ కొండంతా సాలగ్రామం, చెప్పులతో ఎక్కకూడదు నాయనా అని చెప్పి, ప్రసాదం పెట్టి లేపిందంటారు. ఆ కథను మనం చెప్పుల కోసమే చెప్పుకుంటాం. అమ్మ ఆ బిడ్డకు అన్నం పెట్టిందన్న సంగతి కూడా అందులోనే ఉంది. సాలగ్రామం కొండ. చిత్తూరు నుంచి చంద్రగిరి దాకా ఉన్నది తారు, కంకర, బీరు సీసాల పెంకులు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి ఎక్కండి, అది మన సంప్రదాయం. రోడ్డు మీద మాత్రం షుగరున్న ఏ ఒక్కరూ ఉత్తకాళ్లతో నడవకూడదని బయల్దేరే రోజే మీరు గట్టిగా చెప్పాలి. నాలాంటి నర్సమ్మ చెప్తే వినరు. మాల వేసిన గురుస్వామి చెప్తే వింటారు.

మిగతావాళ్లకైనా కొత్త చెప్పులు వద్దు. నెలరోజులు వాడి కాలికి అలవాటైనవే వేసుకోవాలి. బూట్లయితే నూలు సాక్సులు రెండు జతలు, తడిసినవి వెంటనే మార్చుకోవాలి. బొబ్బ లేస్తే పిన్నీసుతో పొడిచి పసుపు అద్దడం ఆపించండి. పగలకపోతే శుభ్రంగా కడిగి, గాజుగుడ్డ వేసి, ఒరుసుకోకుండా చూస్తే చాలు. బయల్దేరడానికి నెల ముందు నుంచి వారానికోసారి అందరూ కలిసి 5, 8, 10 కిలోమీటర్లు నడవండి. ఎవరి అడుగు ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

ఇక రోజులు. నేను కట్టిన లెక్క ఇది. పెరటాసిలో తెల్లవారేది ఆరు ప్రాంతంలో, పొద్దుగూకేది ఆరు దాటాక. అయిదున్నరకు వెలుగు రేకలు పడుతుండగా బయల్దేరితే, ఎండ ముదిరే పది గంటల దాకా నాలుగున్నర గంటలు. గంటకు 3 చొప్పున 13 కిలోమీటర్లు. పది నుంచి మూడున్నర దాకా నీడపట్టున ఉండాలి. మూడున్నర నుంచి ఆరు దాకా ఇంకో 7. మొత్తం రోజుకు 20. మెల్లగా నడిచే మనిషి కూడా రాత్రి నడవకుండా, ఎండలో మాడకుండా మూడు రోజుల్లో 60 కిలోమీటర్లు వచ్చేస్తుంది. నాలుగో రోజుకు శ్రీనివాస మంగాపురం చేరుకుంటుంది. ఆ రాత్రి అక్కడే పడుకొని, అయిదో రోజు పొద్దున్నే మెట్లెక్కండి. పెళ్లయిన కొత్తలో పద్మావతీ శ్రీనివాసులు అగస్త్య మహాముని మాట విని ఆరు నెలలు కొండెక్కకుండా ఆ చుట్టుపక్కలే ఉన్నారని స్థలపురాణం. స్వామే ఆరు నెలలు ఆగిన చోట మనం ఒక్క రాత్రి ఆగితే తప్పేముంది?

సెలవు దొరకదంటారు, నిజమే. దొరకనివాళ్లు పూతలపట్టు దగ్గరో, గాదంకి దగ్గరో వచ్చి కలవొచ్చు. మొదటినుంచీ నడిచినవాళ్లకూ సగంలో కలిసినవాళ్లకూ తేడా చూపించకపోతే సరి. శనివారమే దర్శనం కావాలంటే గురువారం సాయంత్రం కాకుండా మంగళవారం పొద్దున్నే చిత్తూరు దాటండి.

రాత్రి నడకను పూర్తిగా మానేయమని ఎందుకు అడుగుతున్నానంటే, ఒక రాత్రి నా కళ్ల ముందు జరిగిన సంగతి ఉంది. గాదంకి టోల్‌గేటు దాటి కొంత దూరం వచ్చాం. పదకొండున్నర అయ్యుంటుంది. భజన ఆగిపోయింది, ఎవరికీ గొంతు లేదు. చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నా పక్కన నడుస్తున్న అవ్వ మాటకు బదులివ్వడం మానేసింది. తిరిగి చూస్తే కళ్లు మూసుకొనే ఉన్నాయి, కాళ్లు మాత్రం నడుస్తున్నాయి. నిద్రలోనే ఒక్కో అడుగు కుడివైపుకు జరుగుతోంది, తెల్లగీత దాటింది. కొంగు పట్టి లాగాను. మరుక్షణం లారీ పోయింది. ఆ గాలికి ఆమె నెత్తిన ఉన్న తువ్వాలు ఎగిరి రోడ్డు మధ్యలో పడింది. అవ్వ లేచి "ఏమైంది నాయనా, వచ్చేసినామా?" అంది. ఆ తువ్వాలు తీసుకురావడానికి కూడా నాకు కాళ్లు కదల్లేదు.

రెండు రాత్రులు నిద్రలేని మనుషులు అలాగే నడుస్తారు. రోడ్డు వెడల్పయ్యాక బండ్ల వేగం పెరిగింది. పాత చింతచెట్లు పోయాక నీడా లేదు. పసుపు బట్టలు పగలు దూరం నుంచి కనబడతాయి గానీ రాత్రి హెడ్‌లైట్ వెలుతురులో దగ్గరికొచ్చేదాకా కనబడవు. తప్పక చీకట్లో నడవాల్సొస్తే వీపు మీద, సంచుల మీద మెరిసే స్టిక్కర్లు అంటించండి, సైకిల్ షాపుల్లో దొరుకుతాయి. వీలున్నచోటల్లా సర్వీసు రోడ్డు, ఊళ్లలోంచి పోయే పాత రోడ్డు పట్టండి. ఎదురుగా వచ్చే బండ్లు కనబడే వైపున, ఒకరి వెనక ఒకరుగా నడవండి. రథం బండి ముందు పోతే అందరూ దాని వెంట పరుగెత్తుతారు. దాన్ని వెనక పెట్టండి. దానికి కాస్త ముందు, అందరికంటే ఆఖరున, మీలో ఒక పెద్దమనిషి నడవాలి. ఆయన్ని దాటి వెనక ఎవరూ మిగలకూడదు. అది గుంపులో అన్నిటికంటే పెద్ద బాధ్యత, కుర్రవాళ్లకు వదిలేయకండి.

ఆడవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేనే చెప్తాను. నడిచే గుంపుల్లో సగం మంది ఆడవాళ్లే. నీళ్లు తాగండమ్మా అని ఎంత మొత్తుకున్నా తాగరు. చెంబు ఇస్తే గొంతు తడుపుకొని తిరిగిచ్చేస్తారు. అడిగితే చెవిలో చెప్తారు, "ఎక్కడికి పోవాలక్కా?" అని. ఒకప్పుడు చెరకు తోట చాటు ఉండేది, ఇప్పుడు రోడ్డుకు రెండువైపులా కంచెలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకొని నడుస్తారు. రెండో రోజుకు మూత్రంలో మంట, మూడో రోజుకు చలిజ్వరం. ఎండదెబ్బ తగిలినవాళ్లలో నేను చూసిన ఎక్కువ మంది నీళ్లు లేక కాదు, ఈ భయంతో తాగక పడిపోయినవాళ్లు. మీరు భోజనానికి ఎక్కడ ఆగాలో ఎలా ఖాయం చేస్తారో, గంటన్నర నడకకు ఒక చోట ఆడవాళ్లకు బాత్రూము ఎక్కడుందో అలాగే ఖాయం చేయండి. స్కూళ్లు, పెట్రోలు బంకులు, కల్యాణ మంటపాలు ఉన్నాయి. ముందు వెళ్లి అడిగితే ఎవరూ కాదనరు. అర్ధరాత్రి నూటయాభై మంది ఒక్కసారి వచ్చి తలుపు కొడితే ఎవరైనా భయపడతారు.

ఇంకొకటి. నెలసరి వాయిదా పడే మాత్రలు మందుల షాపులో అడిగి కొనుక్కొని, ఎవరినీ అడగకుండా మింగే ఆడపిల్లలు ఉన్నారు. అందరి ఒంటికీ అవి పడవు. డాక్టరుకు చూపించుకోకుండా వేసుకోవద్దని మీ ఇంటి ఆడవాళ్ల చేత చెప్పించండి. మీరు చెప్పలేకపోతే నన్ను పిలవండి, నేనొచ్చి చెప్తాను.

తిండి విషయంలో మన గుంపులకు లోటు లేదు. దారిపొడవునా పులిహోర, పొంగలి పెట్టేవాళ్లున్నారు. మధ్యాహ్నం కడుపునిండా తిని వెంటనే నడవకుండా చూస్తే చాలు. పొద్దున రాగంబలి, మధ్యలో ఉప్పేసిన మజ్జిగ, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి పెట్టుకుంటే ఒంటికి సరిపోతుంది. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లలో షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లను మాత్రం వేరుగా చూడండి. మందు వేసుకొని, తినకుండా నడిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే నీరసమని వదిలేయకండి. వెంటనే బెల్లం ముక్కో, చక్కెర నీళ్లో ఇవ్వాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ప్రతి మనిషి పేరు, వయసు, వాడే మందు, ఇంటి ఫోన్ నంబరు రాసిన కాగితం పెద్దమనిషి జేబులో ఉండాలి.

అడవి అడ్డదారుల మాట ఈమధ్య మళ్లీ వింటున్నాను. భాకరాపేట వైపు నుంచి వచ్చేవాళ్లు, పూర్వం మన పెద్దలు ఇట్లాగే పోయారు కదా అంటున్నారు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి అడవిదారిన తలకోనకు నడిచిపోతున్నవాళ్ల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు పడి ముగ్గురు చనిపోయారు. 2023 ఆగస్టులో, మెట్లు, లైట్లు, జనం అన్నీ ఉన్న అలిపిరి దారిలోనే చిరుత ఒక చిన్నపాపను ఎత్తుకుపోయి చంపింది. ఆ తర్వాతే మధ్యాహ్నం 2 దాటితే పిల్లల్ని నడకదారిలో పంపకుండా ఆంక్షలు పెట్టారు. శేషాచలంలోకి అడ్డదారిన ఎవరినీ తీసుకుపోకండి.

చిత్తూరు నుంచి వచ్చేవాళ్లకు దగ్గర శ్రీవారి మెట్టే. 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. అలిపిరి అయితే 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు పొట్టిదే గానీ నిట్టనిలువు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అలిపిరే కాస్త నయం, అందులో మధ్యమధ్య చదునుగా ఉంటుంది. శ్రీవారి మెట్టులో సాయంత్రం 6 తర్వాత పైకి పంపరు. చీకటిపడేవేళ అక్కడికి చేరి, కింద కూలబడి ఏడ్చినవాళ్లను చూశాను. 2021 నవంబరు వానలకు ఆ దారి కొట్టుకుపోయి, మళ్లీ 2022 మేలో గానీ తెరవలేదు. కాబట్టి పెద్ద వానలు పడితే దారి తెరిచే ఉందో లేదో కనుక్కోండి. నడిచొచ్చేవాళ్లకు ఇచ్చే దివ్యదర్శనం టోకెన్ల పద్ధతి కూడా మారుతూ ఉంటుంది. 2025లో శ్రీవారి మెట్టు టోకెన్లను అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సులో ఇవ్వడం మొదలుపెట్టారు. అది తెలియకుండా మెట్ల దాకా నడిచొస్తే మళ్లీ తిరుపతికి పోవాలి. ముందురోజే ఒకర్ని పంపి తెలుసుకోండి. ఆధార్ కార్డులు అందరి దగ్గరా ఉండాలి.

చివరిగా, చాలా ముఖ్యమైన మాట మీతో చెప్పించాలనుకుంటున్నాను. బయల్దేరేటప్పుడు, కొబ్బరికాయ కొట్టకముందే, అందరూ వినేలా మైకులో చెప్పండి: "నడవలేనివాళ్లు బండెక్కండి, మొక్కు చెడిపోదు. మిగిలిన దూరం వచ్చే ఏడు నడుద్దురు." గురుస్వామి నోట ఈ మాట ఆ రోజు వచ్చి ఉంటే మా వదిన మా చెట్టు కింద నుంచే ఆటో ఎక్కి ఉండేది. బండెక్కినవాళ్లకు కొండ మీద మీ పక్కనే చోటివ్వండి. తీర్థం, ప్రసాదం ముందు వాళ్లకే ఇప్పించండి.

మా ఊరి వేపచెట్టు కింద ఈ పెరటాసికీ మజ్జిగ ఉంటుంది, నా స్టూలూ ఉంటుంది. ఎంతమంది వస్తారో, అందులో ఆడవాళ్లెందరో, షుగరున్నవాళ్లెందరో వారం ముందు కబురు పంపండి. స్కూలు బాత్రూముల తాళం అడిగి తీయించి, కడిగించి పెడతాను. విస్తళ్లు వేయడానికి మా గడప పక్కన గుంత తవ్వించాను. పాతచెప్పుల జతలు కూడా కొన్ని సైజుల వారీగా కట్టి అరుగు మీద పెట్టాను, కావలసినవాళ్లు వేసుకుపోవచ్చు.

గోవిందా.

ఇట్లు,
పూతలపట్టు దాటాక, రోడ్డుపక్క ఊరి నుంచి
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం